జానెడు ఖాళీలో రాసిన మాట

బోర్డుల షాపు,
ఫిబ్రవరి 6

తాళాల పిల్లకు,

నీ బోర్డును ఈ ఉదయం లారీ ఎక్కించాను. రెండు దుప్పట్లు చుట్టి, మూలలకు గోనెపట్టా కట్టాను. ఒక దుప్పటి మీ అన్నయ్యది. ఇల్లంతా వెతుకుతున్నాడు. నేను నోరు విప్పలేదు.

పరీక్ష పాసై, లైసెన్సు తెచ్చుకుని, సొంతంగా ఒక గది అద్దెకు తీసుకుని తలుపు పక్కన నీ పేరు పెట్టుకునే రోజు వచ్చింది. చేతినిండా ఇతరుల ఇళ్ల తాళాలు పట్టుకుని తిరిగే పిల్లకు ఒక గది తాళమైనా సొంతానికి ఉండాలని నా కోరిక. అందుకే ఈ బోర్డుకి నాలుగు రోజులు తీసుకున్నాను. మామూలుగా ఒకటిన్నర రోజు పని.

ఒక సంగతి చెప్పాలి. పై వరసలో నీ పేరు సరిగ్గా సరిపోయింది. కింది వరసలో నువ్వు చెప్పినట్టు 'ఇళ్ల ఏజెంటు' అని రాస్తే కుడివైపు జానెడు ఖాళీ మిగిలింది. ఖాళీ వదిలేస్తే బోర్డు ఒక పక్కకు ఒరిగినట్టు కనబడుతుంది. అక్షరాలను ఎడంగా పేర్చి చూశాను, పళ్లు ఊడిన నోరులా ఉంది. అందుకని పక్కన 'రియల్టర్' అని చేర్చాను. మా ఊళ్లో ఇళ్లు అమ్మిపెట్టే వాళ్లందరికీ అదే రాస్తున్నాను. ఇప్పుడు చూడు, నిండుగా ఉంటుంది.

వెలుతురు ఏ వైపు నుంచి పడుతుందో చూసి తగిలించు. చేరగానే ఉత్తరం రాయి. ఫోన్‌లో అయితే నువ్వే మాట్లాడతావు, నేను వినాలి. ఉత్తరంలో నాకూ వంతు దొరుకుతుంది.

మీ వదిన

——

స్టేషన్ వెనక వీధి,
ఫిబ్రవరి 18

వదినకు,

బోర్డు పదో తేదీన తగిలించాను. ఎదురుగా ఉన్న మందుల షాపాయన కుర్చీ బయటికి తెచ్చుకుని మరీ చూశాడు. అంత బోర్డు వెనక ఇంత చిన్న గది ఉంటుందని అనుకోలేదట. గదిలో బల్ల, మూడు కుర్చీలు, గోడకు తాళాలు తగిలించే మేకులు. ఇప్పటికి నాలుగు మేకులు నిండాయి.

పెద్దాయన ఊళ్లో లేరు. నాకు రెండేళ్లు పని నేర్పిన ఆయన గురించి నీకు చాలాసార్లు చెప్పాను. కంటి ఆపరేషన్ చేయించుకుని కూతురింట్లో ఉన్నారు. వెళ్లేముందు, తానున్న ఏజెంట్ల సంఘంలో నా సభ్యత్వం అర్జీ మీద సంతకం పెట్టారు. ఇళ్ల వ్యాపారంలో ముప్ఫై ఏళ్లుగా ఉన్నవాళ్లు కూడా కొందరు ఆ సంఘంలో లేరు. నా అర్జీ మార్చిలో చూస్తారు. నేను ఈ పనిలోకి వచ్చిందే అందుకు, వదినా. ఆయన నడిచిన చోట నడవాలని.

ఆయన ఇల్లు చూసే పద్ధతి నీకెప్పుడైనా రాశానా? అమ్మకానికి వచ్చిన ఇంట్లోకి మొదటిసారి వెళ్లినప్పుడు చెప్పులు విప్పేస్తారు. కళ్లు మూసుకుని అన్ని గదుల్లో నడుస్తారు. నేను వెనక నోట్‌బుక్‌తో ఉండాలి. 'ఇక్కడ నేల తూర్పుకి దిగింది' అంటారు. గోళీ పెడితే దొర్లుతుంది. 'ఈ గోడ తర్వాత కట్టారు' అంటారు. అడిగితే ఇంటివాళ్లు ఆశ్చర్యపోయి ఔనంటారు. మొదటి ఆర్నెల్లూ ఇదేదో గారడీ అనుకున్నాను. గారడీ కాదు. ఇల్లు చెప్పేది ఓపిగ్గా వినడం. ఇప్పుడు నేనూ అలాగే నడుస్తున్నాను. నాకింకా సగమే వినబడుతోంది.

ఈ వారంలో ఐదుగురు వచ్చారు. అందులో ఒకాయన పేరున్న టైలరు. భార్య పోయాక ఆ ఇంట్లో ఉండలేక అమ్మేస్తానంటున్నాడు. బస్సు డ్రైవరు ఒకాయన భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు, కొనడానికి.

అక్షరాలు చాలా బాగున్నాయి. అన్నయ్యకు ఒక దుప్పటి వెనక్కి పంపిస్తున్నాను.

నీ తాళాల పిల్ల

——

బోర్డుల షాపు,
ఫిబ్రవరి 23

తాళాల పిల్లకు,

వారంలో ఐదుగురా? మా పెళ్లయిన కొత్తలో ఇంటికొచ్చిన నలుగురి ముందు నోరు పెగలక తలుపు వెనక నిలబడ్డ పిల్లవి నువ్వేనా అని మీ అన్నయ్య అడుగుతున్నాడు. ఆ నలుగురూ మా పుట్టింటివాళ్లు, నేనూ తలుపు వెనకే నిలబడేదాన్ని అని చెప్పాను.

మొన్న షాపుకి ఒకామె వచ్చింది. ఇళ్ల ఏజెంటు. బోర్డు మీద 'రియల్టర్' అని రాయాలంది. సరే అన్నాను. పర్సులోంచి ఏదో సంఘం సభ్యత్వం కార్డు తీసి నా ముందు పెట్టింది. ఎందుకమ్మా అంటే, ఆ మాట రాసేముందు అడుగుతారేమో అనుకున్నానంది. నేనెప్పుడూ ఎవర్నీ అడగలేదన్నాను. ఆమె కాసేపు నా వంక చూసి, కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది.

ఇళ్లు అమ్మిపెట్టడానికి సర్కారు లైసెన్సు చాలట. అది ఉన్నవాళ్లు ఏజెంట్లు. రియల్టర్ అంటే ఏజెంటుకి ఇంకో పేరు కాదట. సంఘంలో చేరి, ఇంటి గురించి తెలిసింది దాచనని, తన స్వార్థం ఉంటే ముందే చెబుతానని నలుగురి ముందు ప్రమాణం చేసినవాళ్లకే ఆ మాట. డాక్టరు కానివాడు డాక్టరని రాసుకున్నట్టే అంది. ఆమె వెళ్లాక బ్రష్ పట్టుకోబుద్ధి కాలేదు. ఇన్నేళ్లలో ఈ మాట ఎన్ని బోర్డుల మీద రాశానో.

నీకు తప్పు రాసి పంపానా? దాచకుండా చెప్పు. అవసరమైతే నేనే వచ్చి చెరిపి రాస్తాను.

మీ వదిన

——

స్టేషన్ వెనక వీధి,
మార్చి 2

వదినకు,

బోర్డు సంగతికి నువ్వు అంత కంగారు పడక్కర్లేదు. ఈ వీధిలో సగం మంది అలాగే రాసుకుంటారు. వీలు చూసుకుని మార్పిస్తాను.

నీకు వేరే సంగతి రాయాలి. టైలరు గారి ఇల్లు డ్రైవరు కుటుంబానికి నచ్చింది. పన్నెండేళ్ల కూతురు వెనక గది తనదేనంది. కిటికీ దగ్గర బల్ల ఎక్కడ వేసుకోవాలో కొలుచుకుంది కూడా. వాళ్లు సంతకాలకు వచ్చే ముందురోజు పొద్దున నేనొక్కదాన్నే వెళ్లాను. చెప్పులు విప్పి నడిచాను. వెనక గదిలో ఒక వరస టైల్స్ మిగతావాటికన్నా చల్లగా ఉన్నాయి. వేళ్లతో తడితే డొల్ల చప్పుడు. బీరువా పక్కకు జరిపితే గోడకు జానెడు ఎత్తున చెమ్మ గీత.

టైలరు గారిని అడిగాను. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పాడు. గది కింద నుంచి వీధి మురుగు గొట్టం పోతుందట. గట్టి వాన పడితే నీళ్లు నేలలోంచి పైకొస్తాయట. 'ఏడాదికి రెండుసార్లు, అంతే. కొత్త టైల్స్ వేయించాను కదా. ఎవరికి తెలుస్తుంది?' అన్నాడు.

వాళ్లకు మీరే చెప్పండి, లేదా నేను చెబుతానన్నాను. వద్దన్నాడు. నేను చెప్పాను. డ్రైవరు గారు కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. తర్వాత 'మీ బోర్డు మీద ఆ మాట చూసే లోపలికొచ్చానమ్మా. ఇంతకుముందు ఒకసారి దెబ్బతిన్నాం. ఈసారి రియల్టర్ దగ్గరికే వెళ్దామని మా ఆవిడంది' అన్నాడు. నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. బేరం పోయింది. ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

టైలరు గారు నన్ను వీధిలో నిలబెట్టి తిట్టాడు. అది నన్నేమీ చేయలేదు. ఆ డ్రైవరు పెట్టిన నమస్కారం మాత్రం మోయలేకపోతున్నాను.

నీ తాళాల పిల్ల

——

స్టేషన్ వెనక వీధి,
మార్చి 8

వదినకు,

ఐదో తేదీన పెద్దాయన వచ్చారు. కంటికి ఇంకా నల్లద్దాలు ఉన్నాయి. గుమ్మం బయట ఆగి బోర్డు చదివారు. లోపలికి రాలేదు. భుజం మీద తువ్వాలు తీసి, కుర్చీ అడిగి, ఎక్కి, ఆ ఒక్క మాట మీద కప్పారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. నేను కుర్చీ పట్టుకున్నాను.

మర్నాడు సంఘం నుంచి కాగితం వచ్చింది. టైలరు గారు నా మీద ఫిర్యాదు చేయడానికి అక్కడికి వెళ్లాడట. మీ రియల్టర్ నా బేరం చెడగొట్టిందని. వాళ్లు జాబితా తీసి చూస్తే నా పేరు లేదు. అర్జీల కట్టలో ఉంది. ఇప్పుడు ఇరవై ఏడో తేదీన నా అర్జీ, ఆ ఫిర్యాదు రెండూ కలిపి వింటారు. అర్జీ కొట్టేస్తే మళ్లీ పెట్టుకునే వీలుంటుందో లేదో తెలియదు. దాని మీద పెద్దాయన సంతకం ఉంది.

నీ తాళాల పిల్ల

——

బోర్డుల షాపు,
మార్చి 13

తాళాల పిల్లకు,

ఏడుస్తూ కూర్చోకు. తప్పు నాది, అది నిజం కూడా. ఇందులో పెట్టిన కాగితం సంఘానికి. 'ఏజెంటు అని మాత్రమే రాయమని మా ఆడపడుచు చెప్పింది, ఖాళీ నింపడానికి ఆ మాట నేను చేర్చాను, దాని అర్థం నాకు అప్పుడు తెలియదు' అని రాశాను. షాపు ముద్ర వేశాను. మీ అన్నయ్య సాక్షి సంతకం పెట్టాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నువ్వు చేయాల్సిందల్లా వాళ్ల ముందు పెట్టడమే.

మీ వదిన

——

స్టేషన్ వెనక వీధి,
మార్చి 29

వదినకు,

నీ కాగితం వెనక్కి పంపిస్తున్నాను. అందులో అబద్ధం లేదు. కానీ దాన్ని వాళ్ల ముందు పెడితే అబద్ధమయ్యేది.

ఆ మాట అర్థం నాకు తెలుసు, వదినా. బోర్డు విప్పిన రోజే తెలుసు. లైసెన్సు పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. ఏజెంట్లందరూ రియల్టర్లేనా? కారణంతో రాయండి. కాదని సరిగ్గా రాశాను, మార్కులు వచ్చాయి. బోర్డు చూసి, తగిలించకూడదనుకున్నాను. తర్వాత ఎలాగూ మార్చిలో వచ్చేదే కదా అనుకున్నాను. మొదటి రోజే ఇద్దరు వచ్చారు. అప్పుడిక దించలేదు. నువ్వు నేరుగా అడిగినప్పుడు కూడా మాట దాటేశాను. ఇరవై మూడు రోజులు ఆ మాట కింద కూర్చున్నాను.

విచారణ ఎలా జరిగిందో రాస్తాను. పొడుగాటి గది. బల్లకు అవతల ఐదుగురు. మధ్యలో అధ్యక్షురాలు, తెల్లజుట్టు, చెవికి మిషను. గోడ నిండా చెక్కపలక మీద సభ్యుల పేర్లు, సంఘం పెట్టినప్పటి నుంచి. కొన్ని పేర్ల మీద అడ్డంగా ఒక నల్లగీత ఉంది. చెరపలేదు. గీత కింద పేరు చదవొచ్చు.

పిలిచేదాకా బయట బల్ల మీద కూర్చున్నప్పుడు పెద్దాయన తలుపు అద్దంలోంచి ఆ పలక వైపు చూపించారు. మూడో వరసలో ఒక పేరు మీద గీత. ఇంటిపేరు ఆయనదే. 'మా అన్నయ్య. ఒక ముసలావిడ ఇంటిని బావమరిది పేరు మీద తానే కొన్నాడు. ఆమెకు చెప్పలేదు. గీత గీయాలన్న వాళ్లు చేయెత్తండన్నారు. నేనూ ఎత్తాను' అన్నారు. తర్వాత మీరిద్దరూ మాట్లాడుకున్నారా అని అడిగాను. 'రోజూ. పోయేదాకా మా ఇంట్లోనే ఉన్నాడు' అన్నారు. అంతలో లోపల్నించి నా పేరు పిలిచారు.

లోపల టైలరు గారు తన మాట చెప్పాడు. వాళ్లు ఆయనకు రెండే మాటలు చెప్పారు. నీళ్ల సంగతి చెప్పడం తప్పు కాదు. కానీ మీరు ఒక రియల్టర్‌కి ఇల్లు అప్పగించాననుకున్నారు, అది నిజం కాదు, ఆ మేరకు మీరు మోసపోయారు. నేను తలెత్తి ఆయన్ని చూశాను. అప్పటిదాకా ఆయన కక్షకొద్దీ వచ్చాడనే అనుకున్నాను. నన్ను నమ్మి వచ్చినవాళ్లలో ఆయనా ఒకడని ఆ క్షణందాకా నాకు తట్టలేదు.

అధ్యక్షురాలు నన్ను అడిగింది. 'బోర్డు మీద ఆ మాట ఉందని మీకెప్పుడు తెలిసింది?'

నీ కాగితం నా చేతిలోనే ఉంది. మడత విప్పలేదు. 'మొదటి రోజు' అన్నాను. 'అర్థం కూడా తెలుసు.'

ఐదుగురూ ఏదో రాసుకున్నారు. పెద్దాయన వెనక వరసలో ఉన్నారు. నేను తిరిగి చూడలేదు. పావుగంట తర్వాత పిలిచి నిర్ణయం చదివారు. అర్జీ కొట్టేయలేదు, ఒప్పుకోనూ లేదు. ఆ ఇరవై మూడు రోజుల్లో బోర్డు చూసి వచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరికీ నేనే వెళ్లాలి. నేను రియల్టర్ని కానని, తెలిసే అలా చెప్పుకున్నానని చెప్పాలి. సంతకం తేవాలి. అందరివీ తెచ్చాక రమ్మన్నారు.

వాళ్లు క్షమించకపోతే అని అడిగాను. అధ్యక్షురాలు చెవి మిషను సర్దుకుని అంది. 'క్షమించారా అని అడగొద్దు. విన్నారా అని మాత్రం అడగండి.'

నోట్‌బుక్ చూశాను. పదకొండు మంది.

నీ తాళాల పిల్ల

——

బోర్డుల షాపు,
ఏప్రిల్ 5

తాళాల పిల్లకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. నా కంగారు చూసి కూడా మాట దాటేశావు. అందుకు నాకూ ఒక సంతకం బాకీ ఉన్నావు. నీ పదకొండులో నన్నూ కలుపుకుని పన్నెండు చేసుకో. నేను విన్నాను. ఇదే నా సంతకం.

మూడో రోజు షాపు మూసి, సైకిలెక్కి ఊళ్లో నేను రాసిన ఇళ్ల ఏజెంట్ల బోర్డులన్నీ చూసి వచ్చాను. పద్నాలుగు. కార్డు ఉన్నవాళ్లు ఐదుగురు. మిగతా తొమ్మిది మందితో ఆ మాట తీసేసి ఊరికే మళ్లీ రాసిస్తానన్నాను. ఆరుగురు సరేనన్నారు. ఇద్దరు నవ్వారు. ఒకాయన 'మాటే కదమ్మా, దానికింత గొడవెందుకు' అన్నాడు. మాటలు రాసే బతుకుతున్నాను, నాకా ఆ మాట చెప్పేది అని వచ్చేశాను. ఆయన్ని కాదు, నన్నే తిట్టుకుంటూ వచ్చాను. ఇన్నేళ్లూ అక్షరం వంపు చూశాను గానీ అది ఎవరి తలుపు తెరుస్తుందో చూడలేదు.

వెళ్లు. పదకొండు మందే. మొహం చూసి చెప్పు.

మీ వదిన

——

స్టేషన్ వెనక వీధి,
జూన్ 16

వదినకు,

రెండు నెలలు రాయలేదు. రాయడానికి సగం పనే ఉండేది, అందుకని.

మొదటి ముగ్గురు తేలిగ్గా సంతకం పెట్టారు. నాలుగో ఆమె టీచరు. నేను చెప్పింది విని, కూతుర్ని పిలిచి, 'ఈవిడ చెప్పేది నువ్వూ విను' అని మళ్లీ చెప్పించింది. ఇద్దరు ఇల్లు మారారు. ఒకరి కొత్త చిరునామా పట్టడానికి పన్నెండు రోజులు పట్టింది. ఒకాయన తలుపు తీయలేదు. నాలుగుసార్లు వెళ్లాను. ఐదోసారి తలుపు తీసి, నిలబడే సంతకం పెట్టి, మూసేశాడు.

డ్రైవరు గారిని డిపోలో కలిశాను. బస్సు మెట్టు మీద కూర్చుని విన్నాడు. 'మరి నీళ్ల సంగతి ఎందుకు చెప్పారమ్మా? మీరు వాళ్లలో మనిషి కాదు కదా' అన్నాడు. 'మీరు అనుకున్న మనిషి అయితే చెప్పేది కాబట్టి' అన్నాను. సంతకం పెట్టాడు. వాళ్లకింకా ఇల్లు దొరకలేదట. చూపించనా అని నేను అడగలేదు, చూపించమని ఆయనా అడగలేదు.

టైలరు గారి దగ్గరికి చివర వెళ్లాను. ధైర్యం లేక. కోటు చేతికి కుట్టు వేస్తున్నాడు. కూర్చోమనలేదు. మొత్తం విన్నాడు. మళ్లీ చెప్పమన్నాడు. రెండోసారి చెబుతున్నప్పుడు సూది ఆపాడు. కాగితం తీసుకుని, కళ్లద్దాలు మార్చుకుని, సంతకం పెట్టి, వెనక్కి ఇవ్వకుండా పట్టుకున్నాడు.

'మా ఆవిడ చివరి రెండేళ్లూ ఆ గదిలోనే ఉంది. ఆ చెమ్మకే దగ్గేది. నాకు తెలుసు' అన్నాడు. కాగితం మీదే చూపు పెట్టి అన్నాడు. 'ఆ మాట ఉన్న మనిషి కావాలనే నీ దగ్గరికొచ్చాను. తీరా నువ్వు ఆ మనిషి చేసే పనే చేస్తే తట్టుకోలేకపోయాను.'

కాగితం ఇచ్చాడు. నేను నిలబడే ఉన్నాను. మళ్లీ సూది తీసుకున్నాడు, నేను వచ్చేశాను.

మొన్న పదకొండు సంతకాలు సంఘంలో ఇచ్చాను. అధ్యక్షురాలు ఒక్కొక్కటీ దగ్గరగా పెట్టుకుని చదివింది, చివర పక్కవాళ్లకు అందించింది. నన్నేమీ అడగలేదు. ఈ రోజు ఉదయం పది గంటలకు రమ్మన్నారు.

మా బ్యాచ్‌లో ఆరుగురం. నేను ఆఖరుదాన్ని. ప్రమాణం తొమ్మిది వాక్యాలు. వాళ్లు ఒకటి చదువుతారు, మనం మళ్లీ చెప్పాలి. ముందువాళ్లందరూ గడగడా చెప్పేశారు. రెండు వాక్యాలు నేనూ అలాగే చెప్పాను. మూడోది: 'నన్ను నమ్మి వచ్చినవారికి నేను ఎవరినో, నాకు ఏమి తెలుసో దాచను.' గొంతు రాలేదు. కార్యదర్శి మళ్లీ చదివాడు. రాలేదు. నలభై మంది ఉన్న హాలు అది. నేను ఇంటికి వెళ్లిపోవాలేమో అనుకున్నాను.

అప్పుడు అధ్యక్షురాలు కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె వెనక కమిటీవాళ్లు లేచారు. తర్వాత హాలంతా. ఆ గీతల పలక కింద గోడకు ఆనుకుని పెద్దాయన. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ మాట అందివ్వలేదు. తమ తమ రోజున తామూ ఆ వాక్యం దగ్గరికి వచ్చినవాళ్లే, అక్కడ ఎంతసేపు పడుతుందో తెలిసినట్టు నిలబడ్డారు.

ఎంతసేపో తెలియదు, వదినా. చెప్పాను.

నీ తాళాల పిల్ల